రేకు ఉక్కుకు రక్షణ సుంకం, వైర్ రాడ్‌కు లేదు, ఇప్పుడు కర్బన లెక్క అడుగుతున్నారు: ఈ రక్షణకు షరతు ఏదైనా ఉందా?

ప్రశ్న: జీడిమెట్ల బోల్టులు

నమస్కారం. హైదరాబాద్ జీడిమెట్లలో మాకు బోల్టులు, నట్లు తయారుచేసే చిన్న యూనిట్ ఉంది. వైర్ రాడ్ (సన్నటి ఉక్కు కడ్డీ) చుట్టలు తెచ్చి, కావలసిన మందానికి సాగదీసి, హెడ్డింగ్ మెషిన్ మీద తల కొట్టి, మర తీసి, గట్టిపడేందుకు ఫర్నేసులో కాల్చి, జింక్ పూత వేయించి అమ్ముతాం. పక్క షెడ్డులో పవర్ ప్రెస్సుల మీద వాషర్లు, సోలార్ ప్యానెళ్లు బిగించే క్లాంపులు కొడతాం. వాటికి హాట్ రోల్డ్ షీటు కావాలి. అంటే కడ్డీ రకం ఉక్కూ, రేకు రకం ఉక్కూ రెండూ కొనేవాడిని నేను.

ఇప్పుడు మూడు వైపుల నుంచి ఇబ్బంది వచ్చిపడింది.

మొదటిది షీటు. 2025 ఏప్రిల్ 21 నుంచి కేంద్రం రేకు రకం ఉక్కు దిగుమతులపై 12 శాతం రక్షణ సుంకం వేసింది. డిసెంబరు చివర దాన్ని మూడేళ్ల సుంకంగా ఖాయం చేసింది. మొదటి ఏడాది 12, రెండో ఏడాది 11.5, మూడో ఏడాది 11 శాతం. నేను దిగుమతి షీటు కొనను, డీలరు దగ్గర దొరికే మన దేశపు షీటే కొంటాను. అయినా సుంకం వచ్చాక దాని ధర కూడా పెరిగింది. మాకు ఆర్డర్లిచ్చే పెద్ద కంపెనీలు ధర ఏడాదికి ఒకసారే ఖరారు చేస్తాయి. మధ్యలో షీటు పెరిగితే ఆ తేడా మేమే భరించాలి. పైగా ఈ సుంకం రేకుకే గానీ, ఆ రేకుతో తయారై విదేశాల నుంచి వచ్చే వాషరుకు లేదు. బయటి వాషరుతో పోటీపడాల్సిన నాకు ముడిసరుకు మాత్రం ఖరీదైంది.

రెండోది వైర్ రాడ్. మా పనిలో ఎక్కువ బరువు దానిదే. అది ఈ సుంకం పరిధిలోనే లేదు. మన రాష్ట్రాల్లో తయారయ్యే ఉక్కులో ఎక్కువ భాగం కడ్డీ, వైర్ రాడ్ రకమే కదా, మరి దాన్ని ఎందుకు వదిలేశారన్నది నాకు అర్థం కాలేదు.

మూడోది కొత్తది. మా బోల్టులు, క్లాంపులు కొనే పుణె కంపెనీ ఒకటి వాటిని తన సామగ్రితో కలిపి జర్మనీకి పంపుతుంది. 2026 జనవరి నుంచి ఐరోపాలో కార్బన్ సరిహద్దు పన్ను, అంటే బయటి సరుకు తయారీలో వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌ను బట్టి వేసే పన్ను, నిజంగా మొదలైందట. ఆ కంపెనీ ఒక పత్రం పంపింది. ఈ ఉక్కు ఏ కర్మాగారంలో, ఏ పద్ధతిలో తయారైంది, టన్నుకు ఎంత కార్బన్ డయాక్సైడ్ వెలువడింది అని అందులో అడిగారు. మా డీలరు దగ్గర టెస్ట్ సర్టిఫికెట్ ఉంది. ఉక్కులో ఎంత కార్బన్ ఉందో, ఎంత మాంగనీసు ఉందో అందులో ఉంది. గాలిలో కలిసిన కార్బన్ గురించి ఒక్క అక్షరం లేదు.

దేశీయ ఉక్కు పరిశ్రమ నిలబడాలనే నేనూ కోరుకుంటాను. నా బతుకు దాని మీదే ఆధారపడి ఉంది. కానీ ఆ రక్షణకయ్యే ఖర్చులో ఒక వాటా నాలాంటివాళ్లు కడుతున్నప్పుడు, రక్షణ పొందినవాళ్లు బదులుగా ఏదైనా చేయాలని షరతు ఉందా? కనీసం నేను నింపాల్సిన ఆ అంకెనైనా వాళ్లు ఇవ్వాలి కదా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: విజయవాడ ఐరన్ వ్యాపారి

మీ బాధ నాకు తెలుసు, రోజూ మీలాంటివారితోనే నా వ్యాపారం. అయినా సుంకం తప్పదంటాను.

2024లో చైనా ఎగుమతి చేసిన ఉక్కు 11 కోట్ల టన్నులు. మన దేశం మొత్తం ఏడాదికి తయారుచేసేది సుమారు 15 కోట్ల టన్నులు. అక్కడ ఇళ్ల నిర్మాణం పడిపోయింది, కొలుములు మాత్రం ఆగలేదు. మిగిలిన సరుకు ఎక్కడికో ఒకచోటికి పోవాలి. అమెరికా 2018లో 25 శాతం సుంకం వేసింది, 2025 జూన్‌లో దాన్ని 50 చేసింది. అక్కడ తలుపు మూస్తే ఆ ఉక్కు మన రేవులకు వస్తుంది. మనకు 7.5 శాతం మామూలు దిగుమతి సుంకం ఉన్న మాట నిజమే. కానీ కొరియాతో 2010 నుంచి, జపాన్‌తో 2011 నుంచి ఒప్పందాలు అమల్లో ఉన్నాయి కాబట్టి అక్కడి ఉక్కు మీద అది పడదు. ఉక్కు ఉత్పత్తిలో ప్రపంచంలో రెండో స్థానంలో ఉన్న దేశం 2023-24లోనూ, 2024-25లోనూ ఎగుమతి చేసినదానికంటే ఎక్కువ దిగుమతి చేసుకుంది.

సుంకం ఆలస్యమైతే ఏమవుతుందో ఒకసారి చూశాం. 2015లో ధరలు కుప్పకూలాయి. సెప్టెంబరులో హాట్ రోల్డ్ కాయిళ్ల మీద 20 శాతం సుంకం, 2016 ఫిబ్రవరిలో కనీస దిగుమతి ధర పెట్టేసరికే కంపెనీలు అప్పుల్లో మునిగిపోయాయి. 2017లో రిజర్వు బ్యాంకు దివాలా ప్రక్రియకు పంపిన మొదటి 12 పెద్ద ఖాతాల్లో 5 ఉక్కు కంపెనీలవే. ఆ నష్టం బ్యాంకుల మీద పడింది, అంటే మన మీదే పడింది. షీటు కిలోకు రెండు మూడు రూపాయలు పెరగడం అంతకంటే పెద్ద నష్టం కాదని నా అభిప్రాయం.

జవాబు: కోక్ ఓవెన్ విశ్రాంత ఉద్యోగి, కూర్మన్నపాలెం

ఇద్దరికీ నమస్కారం. నేను విశాఖ ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసి పదవీ విరమణ చేశాను. మాది నిర్వాసితుల కుటుంబం. మా నాన్నగారి పొలం ప్లాంటులో పోయింది, అలా భూమి పోయినవారికి ఇచ్చే ఆర్ కార్డు మీదే నాకు ఉద్యోగం వచ్చింది. ఈ ఉక్కు కోసం 1966లో 32 మంది ప్రాణాలు పోయాయి. కాబట్టి దేశీయ పరిశ్రమను కాపాడాలా వద్దా అన్నది నాకు ప్రశ్నే కాదు. ఎవరిని, దేని నుంచి, ఏ షరతు మీద అన్నదే ప్రశ్న. బోల్టుల వారు సరిగ్గా అక్కడే వేలు పెట్టారు.

ముందు వైర్ రాడ్ సంగతి. ఈ సుంకానికి దరఖాస్తు చేసింది భారత ఉక్కు సంఘం, రేకు రకం ఉక్కు చేసే పెద్ద కంపెనీల తరఫున. విచారణ జరిపిన డీజీటీఆర్ (ఇలాంటి సుంకాలపై విచారించే కేంద్ర విభాగం) కూడా రేకు రకం దిగుమతులు పెరిగాయా లేదా అన్నదే చూసింది. విశాఖలో తయారయ్యేవి కడ్డీలు, వైర్ రాడ్, యాంగిళ్లు, ఛానళ్లు, రౌండ్లు. రేకు మిల్లు అక్కడ లేదు. కాబట్టి దేశమంతా మాట్లాడుకునే ఈ రక్షణ సుంకం విశాఖకు నేరుగా పైసా తేదు. షీటు ఖరీదైతే కొందరు కొనుగోలుదారులు ఇటు తిరుగుతారేమో, అంతే. పత్రికల్లో 'ఉక్కు రంగానికి ఊరట' అని చదివి మా కాలనీలో సంతోషించినవారికి నేను ఇదే చెప్పాను.

విశాఖకు తగిలిన పెద్ద దెబ్బ రేవులో దిగలేదు, ఇంట్లోనే తగిలింది. సెయిల్‌కూ, టాటాలకూ సొంత ఇనుప గనులున్నాయి. విశాఖకు లేవు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఖనిజాన్ని ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ దగ్గర మార్కెట్ ధరకు కొని, కొత్తవలస-కిరండూల్ రైలు మార్గంలో తెచ్చుకోవాలి. కోక్ చేసే బొగ్గు విదేశాల నుంచి ఓడలో రావాలి. 73 లక్షల టన్నుల సామర్థ్యం ఉన్న ప్లాంటుకు గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ ఫర్నేసులు (కోక్‌తో ఖనిజం నుంచి ఇనుము తీసే పెద్ద కొలుములు) ఉన్నాయి. నిర్వహణ పెట్టుబడి లేక అవి మూడూ కలిసి నడవని రోజులు కూడా వచ్చాయి. 2021 జనవరిలో పూర్తిగా అమ్మేయాలని సూత్రప్రాయంగా నిర్ణయించారు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చారు. ఇచ్చినందుకు సంతోషమే. గని మాత్రం ఇప్పటికీ ఇవ్వలేదు. సుంకంతో తీరే కష్టం వేరు, గనితో తీరే కష్టం వేరు. రెంటినీ 'రక్షణ' అనే ఒకే మూట కట్టి మాట్లాడటం వల్ల అసలు విషయం మరుగున పడుతోంది.

ఇక కర్బనం. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే పొగనూ కార్బన్ డయాక్సైడ్‌నూ చాలామంది ఒకటే అనుకుంటారు.

నేను పనిచేసిన చోట బొగ్గును గాలి తగలకుండా కాల్చి కోక్ చేస్తారు. ఓవెన్ నుంచి తోసేటప్పుడు అది సుమారు వెయ్యి డిగ్రీల వేడితో ఎర్రగా ఉంటుంది. చాలా ప్లాంట్లలో దాని మీద నీళ్లు గుమ్మరించి చల్లార్చేవారు. ఆ వేడంతా తెల్లటి ఆవిరిగా, ధూళితో కలిసి ఆకాశంలోకి పోతుంది. విశాఖలో మొదటి నుంచీ అలా చేయలేదు. ఎర్రటి కోక్‌ను మూసిన గదిలోకి దింపి, నైట్రోజన్ వాయువును దాని గుండా తిప్పుతారు. ఆ వాయువు వేడిని బాయిలరుకు మోసుకెళ్తుంది, అక్కడ పుట్టిన ఆవిరితో టర్బైన్ తిరిగి కరెంటు వస్తుంది. దేశంలో ఈ పద్ధతి మొదట పెట్టింది ఇక్కడే, సోవియట్ సహకారంతో. బ్లాస్ట్ ఫర్నేసు పైనుంచి వచ్చే వాయువు ఒత్తిడితో కూడా కరెంటు తీసేవారు. అప్పటికి కార్బన్ పన్ను అనే మాటే ఎవరికీ తెలియదు. డిజైనులో రాశారు కాబట్టి కట్టారు. తొలిరోజే షరతుగా రాస్తే మన ఇంజినీర్లు, మన కార్మికులు చేసి చూపిస్తారనడానికి నా కళ్లెదుట ఉన్న సాక్ష్యం ఇది.

అయితే ఆ పద్ధతి వేడిని ఆదా చేస్తుంది, ధూళిని ఆపుతుంది. ఫర్నేసులో జరిగే రసాయన చర్యను మార్చదు. ఇనుప ఖనిజం అంటే ఇనుము, ఆక్సిజన్ కలిసిన రాయి. ఆ ఆక్సిజన్‌ను లాక్కోవడానికే కోక్ వేస్తాం. కార్బన్ ఆ ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్ అయి బయటికి వస్తుంది. చిమ్నీకి ఎంత మంచి ఫిల్టరు పెట్టినా ధూళి ఆగుతుందే గానీ ఇది ఆగదు. ఇనుము తీసే పద్ధతినే మార్చాలి.

మన దేశంలో టన్ను ఉక్కుకు సగటున సుమారు 2.5 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది. ప్రపంచ సగటు 1.9 దగ్గర ఉంది. బూడిద ఎక్కువున్న బొగ్గు, ఖనిజాన్ని కరిగించకుండానే ఇనుముగా మార్చే, బొగ్గుతో నడిచే స్పాంజ్ ఐరన్ కిల్నులు, బొగ్గు కరెంటు, తుక్కు ఇనుము తక్కువగా దొరకడం ఇందుకు కారణాలు. చైనా సగటు కూడా మనకంటే తక్కువే. కాబట్టి 'చైనాది మురికి ఉక్కు, దాన్ని ఆపితే పర్యావరణానికి మేలు' అని టీవీ చర్చల్లో ఎవరైనా అంటే నమ్మకండి. చైనా మిగులును ఆపడానికి వ్యాపారి గారు చెప్పిన కారణాలు చాలు, అవి బలమైనవే. అబద్ధపు కారణం జోడిస్తే మన వాదనే బలహీనపడుతుంది.

ఇప్పుడు షరతు మాట. నేను చదివినంతలో ఈ సుంకానికి కర్బనంతో ముడిపడిన షరతు ఏదీ లేదు. ఏటా అర శాతం తగ్గుతుంది, అంతే. 2015-16 రక్షణలోనూ లేదు. రక్షణ సుంకం అంటే నా దృష్టిలో పరిశ్రమకు ఇచ్చిన గడువు. మూడేళ్ల గడువు ఇచ్చి, ఆ మూడేళ్లలో ఏమి మారాలో చెప్పకపోతే, 2028 ఏప్రిల్‌లో వాళ్లు మళ్లీ అదే దరఖాస్తు పట్టుకుని అదే గుమ్మం ఎక్కుతారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. 2017 జాతీయ ఉక్కు విధానం 2030-31 నాటికి 30 కోట్ల టన్నుల సామర్థ్యం కావాలంటోంది. ఈ సుంకం నీడలో వచ్చే లాభంతో కట్టేవి ఎక్కువగా మళ్లీ బ్లాస్ట్ ఫర్నేసులే అయితే, ఒక్కోటి లోపలి ఇటుక వరస మార్చుకుంటూ దశాబ్దాలు నడుస్తుంది. ఈరోజు వేసిన పునాది 2060లో కూడా బొగ్గు అడుగుతుంది. మన అనకాపల్లి జిల్లా నక్కపల్లి దగ్గర కొత్త ప్లాంటు రాబోతోంది కాబట్టి ఇది మన ఇంటి ప్రశ్న కూడా. ఉద్యోగాలు రావాలి, నేను నిండుగా స్వాగతిస్తాను. కానీ మా తరం నిర్వాసితులు అడగలేకపోయిన ప్రశ్న ఇప్పటివాళ్లు అడగాలి: ఏ పద్ధతిలో కడుతున్నారు, టన్నుకు ఎంత?

జవాబు: స్వాన్సీ నుంచి ఒక తెలుగువాడు

కోక్ ఓవెన్ సార్ రాసింది చదివాక ఇక్కడి సంగతి చెప్పాలనిపించింది. నేను సౌత్ వేల్స్‌లో స్వాన్సీలో ఉంటున్నాను. పక్కనే పోర్ట్ టాల్బట్, ఎం4 రహదారి మీద వెళ్తుంటే టాటా స్టీల్ ప్లాంటు పొడవునా కనిపిస్తుంది. 2024 సెప్టెంబరు 30న అక్కడి చివరి బ్లాస్ట్ ఫర్నేసు ఆపేశారు. దాని స్థానంలో తుక్కు కరిగించే పెద్ద ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేసు కడుతున్నారు. మొత్తం 125 కోట్ల పౌండ్ల ఖర్చులో 50 కోట్లు ప్రభుత్వం ఇస్తోంది. అది మొదలయ్యేది 2027 చివరలోనో, 2028లోనో.

కాగితం మీద ఇది హరిత మార్పు. నేల మీద రెండు వేలకు పైగా ఉద్యోగాలు పోయాయి, ఎందుకంటే కోక్ ఓవెన్లూ, బ్లాస్ట్ ఫర్నేసులూ లేని ప్లాంటుకు అంతమంది అక్కర్లేదు. మా అబ్బాయి స్నేహితుల ఇళ్లలో తాత, తండ్రి ఇద్దరూ ఆ ప్లాంటులో పనిచేసినవాళ్లున్నారు. ఈ మధ్యకాలంలో రోలింగ్ మిల్లులు ఆగకుండా నెదర్లాండ్స్ నుంచీ, మన దేశం నుంచీ స్లాబులు (మందపాటి ఉక్కు దిమ్మెలు) తెప్పిస్తున్నారు. అంటే ఇక్కడ ఆగిన పొగ వేరేచోట లేస్తోంది. ఇక ఇంగ్లండులో మరో ఉక్కు ప్లాంటు ఉన్న స్కంథార్ప్‌లో దీనికి భిన్నంగా జరిగింది. అక్కడి చైనా యజమానులు ఫర్నేసులు ఆపేస్తారేమోనని 2025 ఏప్రిల్ 12న, శనివారం రోజు, పార్లమెంటును పిలిచి అత్యవసర చట్టం చేశారు.

ఇక్కడి నుంచి మనవాళ్లు నేర్చుకోవలసింది ఒకటి ఉంది. కొత్త ఫర్నేసు సిద్ధమయ్యాకే పాతది ఆపాలి, మధ్యలో మనుషులకు ఏమి పని చూపిస్తారో ముందే రాసుకోవాలి. పోర్ట్ టాల్బట్‌లో యూనియన్లు అడిగింది అదే. ఒక ఫర్నేసును నడుపుతూ రెండోది మార్చండి అన్నారు. కంపెనీ ఖర్చు ఎక్కువని ఒప్పుకోలేదు.

ప్రశ్న అడిగినవారు: జీడిమెట్ల బోల్టులు

అందరికీ కృతజ్ఞతలు. కోక్ ఓవెన్ సార్, మీరు రాసినది మా నాన్నకు కూడా చదివి వినిపించాను. ఒక సందేహం మిగిలింది. మా ప్రెస్సులూ, హెడ్డింగ్ మెషిన్లూ కరెంటు మీద నడుస్తాయి. గట్టిపరిచే ఫర్నేసు గ్యాసు మీద నడుస్తుంది. పత్రంలో ఇవన్నీ కలపాలా? వైర్ రాడ్ తయారీదారు అంకె ఇవ్వకపోతే ఏం చేయాలి? నా సరుకు మొత్తంలో ఐరోపాకు వెళ్లేది చిన్న భాగమే, దీనికోసం కన్సల్టెంటును పెట్టుకునే స్థోమత నాకు లేదు.

జవాబు: కోక్ ఓవెన్ విశ్రాంత ఉద్యోగి, కూర్మన్నపాలెం

స్వాన్సీ బాబూ, మంచి మాట రాశావు. మా యూనియన్ మిత్రులకు పంపుతున్నాను. విశాఖలో పద్ధతి మార్చాల్సి వస్తే ఫర్నేసుల లోపలి పొర మార్చే సమయం చూసుకుని ఒక్కోటిగా మార్చాలి తప్ప, మూడింటినీ ఒకేసారి ఆర్పకూడదు.

బోల్టుల వారికి. ముందు ఒక సంగతి కనుక్కోండి. ఈ కార్బన్ పన్ను కట్టేది మీరు కాదు, పుణె కంపెనీ కూడా కాదు. ఐరోపాలో దిగుమతి చేసుకునే సంస్థ. ఆ సంస్థ ఇలాంటి సరుకు మొత్తం కలిపి ఏడాదికి 50 టన్నులు దాటకపోతే దానికి మినహాయింపు ఉంది. పుణె వాళ్లను అడిగి అది తేల్చుకోండి. అలాగే ఆ సరుకు ఏ కోడ్ కింద వెళ్తోందో కూడా అడగండి. బోల్టులుగా, ఉక్కు నిర్మాణ భాగాలుగా వెళ్తే ఈ పన్ను పరిధిలోకి వస్తాయి. యంత్రంలో బిగించేసి, యంత్రంగా వెళ్తే ప్రస్తుతానికి లెక్క వేరు.

పరిధిలోకి వస్తే, ఇనుము ఉక్కు సరుకుకు ఐరోపా వారు నేరుగా వెలువడినదే లెక్కిస్తారు, కరెంటు వెనకున్న బొగ్గును కలపరు. కాబట్టి మీ ప్రెస్సుల కరెంటును వదిలేయండి. మీ ఫర్నేసు గ్యాసు బిల్లులు మాత్రం దాచుకోండి. అది కూడా చిన్న అంకే. అసలు బరువంతా వైర్ రాడ్‌లోనే ఉంటుంది. అది బ్లాస్ట్ ఫర్నేసు దారిలో వచ్చిందా, తుక్కు కరిగించి వచ్చిందా, స్పాంజ్ ఐరన్ కలిపి వచ్చిందా అన్నదాన్నిబట్టి టన్నుకు అర టన్ను నుంచి మూడు టన్నుల దాకా తేడా రావచ్చు. ప్రతి చుట్టకూ అది ఏ విడత కరిగించిన ఉక్కో చెప్పే హీట్ నంబరు ఉంటుంది. ఆ నంబరుతో తయారీదారుకు లిఖితపూర్వకంగా రాసి, పద్ధతీ, అంకే అడగండి. డీలరు మీద వదిలేయకండి. ఇవ్వకపోతే ఐరోపా వారు తమ దగ్గరున్న ఒక ప్రామాణిక అంకెను వేసుకుంటారు. అది అసలు అంకెకంటే ఎక్కువ ఉండేట్టు చూసుకుంటారు. అంటే లెక్క చెప్పలేని ఉక్కును మురికి ఉక్కు కింద లెక్కకడతారు.

మన దేశంలోనూ ఒక లెక్క మొదలైంది. 2024 డిసెంబరులో ఉక్కు మంత్రిత్వ శాఖ హరిత ఉక్కు అంటే ఏమిటో నిర్వచించింది. టన్ను ఉక్కుకు 2.2 టన్నుల లోపు ఉంటేనే ఆ పేరు. 2.0 నుంచి 2.2 మధ్య మూడు నక్షత్రాలు, 1.6 నుంచి 2.0 మధ్య నాలుగు, 1.6 లోపు ఐదు. ఇందులో కరెంటు వెనకున్న కర్బనం కూడా కలుస్తుంది, కాబట్టి ఈ నక్షత్రాల అంకెను తీసుకెళ్లి ఐరోపా పత్రంలో అలాగే రాయకండి, రెండు లెక్కలు వేరు. ఒక్క బలహీనత చెప్పాలి. ఇది ఇష్టమున్నవారు తీసుకునే ధ్రువపత్రమే, తప్పనిసరి కాదు.

నేను కోరుకునే షరతు ఇక్కడే ఉంది. రక్షణ సుంకం వల్ల లాభపడే ప్రతి కర్మాగారం ఆ నక్షత్రాల లెక్క తప్పనిసరిగా తీయించి, టెస్ట్ సర్టిఫికెట్ మీదే ముద్రించాలి. మాంగనీసు శాతం పక్కన ఇంకో గడి, అంతే కదా. కోట్ల టన్నులు చేసేవారికి అది పెద్ద ఖర్చు కాదు. మీలాంటివారికి మాత్రం ఆ గడి ఉంటే కన్సల్టెంటు ఖర్చే తప్పుతుంది. రెండో షరతు, ఆ సుంకం ద్వారా ఖజానాకు వచ్చే డబ్బులో కొంత చిన్న యూనిట్ల చేతికి రావాలి. షీటు భారం మోసేది మీరు కాబట్టి.

చివరగా హైడ్రోజన్ గురించి ఒక మాట, ఎందుకంటే మా ఊళ్లో ఇది నన్ను నిద్రపోనివ్వని విషయం. బొగ్గు బదులు హైడ్రోజన్‌తో ఖనిజంలోని ఆక్సిజన్ లాగితే, కార్బన్ డయాక్సైడ్ బదులు నీటి ఆవిరి వస్తుంది. టన్ను ఇనుముకు 50 నుంచి 60 కిలోల హైడ్రోజన్ కావాలి. మా ప్లాంటుకు దగ్గరలోనే పూడిమడక వద్ద ఎన్‌టీపీసీ హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. ప్రకటించిన సామర్థ్యం రోజుకు 1,500 టన్నులు. లెక్కవేసి చూడండి, రోజుకు 25 వేల టన్నులకు పైగా ఇనుముకు సరిపోతుంది. విశాఖ ఉక్కు పూర్తి సామర్థ్యంతో నడిస్తే రోజుకు 20 వేల టన్నులు. కానీ ఆ హైడ్రోజన్‌ను మిథనాల్‌గా, యూరియాగా, విమాన ఇంధనంగా మార్చి ప్రధానంగా ఎగుమతి చేస్తామని ప్రకటించారు. అంటే శుభ్రమైన ఇంధనం ఈ తీరం నుంచి ఓడెక్కుతుంది, అదే తీరంలో గంగవరం రేవులో విదేశీ బొగ్గు దిగుతుంది.

ఇది రేపే జరిగిపోతుందని నేను అనడం లేదు. హైడ్రోజన్ ఖరీదు ఇంకా ఎక్కువ, ఆ కేంద్రం పూర్తి కావడానికి ఏళ్లు పడుతుంది, హైడ్రోజన్‌తో ఇనుము తీసే షాఫ్ట్ ఫర్నేసులు కొత్తగా కట్టాలి. కానీ బైలదిల్లా లాంటి మేలురకం ఖనిజం, కిరండూల్ నుంచి విశాఖకు 267 కిలోమీటర్ల పైపులైనులో ఖనిజపు ముద్ద వచ్చి గుళికలుగా మారే ప్లాంటు, సముద్రం, పక్కనే హైడ్రోజన్ కేంద్రం, కోక్ ఓవెన్లలో మూడు దశాబ్దాలు ఆరితేరిన మనుషులు, ఇవన్నీ ఒకేచోట దేశంలో మరెక్కడ ఉన్నాయి? జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌లో ఉక్కు ప్రయోగాలకు కేటాయించింది 455 కోట్లు. ఒక చిన్న ప్రయోగ ఫర్నేసునైనా విశాఖలో పెట్టమని మన ఎంపీలు అడగాలి. సొంత గని ఇవ్వండి అనే కోరికతో పాటే ఇది కూడా ఉండాలి.

మీ జీడిమెట్ల పరిశ్రమల సంఘానికి కూడా ఒక పని చెబుతాను. డీజీటీఆర్ ఏదైనా సుంకం మీద విచారణ మొదలుపెట్టినప్పుడు ఉక్కు కొని వాడేవారు కూడా పక్షంగా నమోదై తమ వాదన రాసి ఇవ్వవచ్చు. పెద్ద కంపెనీలు లాయర్లతో వస్తాయి, చిన్నవాళ్ల కుర్చీలు ఎక్కువగా ఖాళీగా ఉంటాయి. ఈ సుంకం 2028లో ముగిసేటప్పుడు పొడిగింపు అడుగుతారు. అప్పటికి మీ షీటు బిల్లులూ, మీరు కోల్పోయిన ఆర్డర్లూ, అంకె కోసం రాసిన ఉత్తరాలూ, వాటికి వచ్చిన, రాని జవాబులూ ఒక ఫైలులో పెట్టుకోండి. ఫలానా కంపెనీకి ఫలానా తేదీన రాశాం, ఫలానా హీట్ నంబరుకు లెక్క ఇవ్వలేదు అని సంఘం తరఫున కాగితం పెడితే దాన్ని పక్కన పెట్టడం కష్టం. పుణె కంపెనీ పత్రానికి గడువు ఎప్పుడో రాయండి. తయారీదారుకు పంపాల్సిన ఉత్తరం నమూనా ఇక్కడే రాసి పెడతాను, మిగతా చిన్న యూనిట్లకు కూడా పనికొస్తుంది.